రెక్కల చదువు.. లెక్కకు రాని అప్పు

పాతబస్తీ: చాంద్రాయణగుట్ట దాటితే శంషాబాద్ విమానాశ్రయం ఎంతో దూరం లేదు. అక్కడి విమానాలను నడిపే ఉద్యోగాన్ని అందుకోవడమే పాతబస్తీ బిడ్డలకు సుదూర ప్రయాణమవుతోంది. పైలట్ శిక్షణకు పోసిన లక్షల్లో కొంతయినా ఆదాయపు పన్ను రూపేణా వెనక్కి వస్తుందని ఆశించే కుటుంబాలకు చట్టం చెబుతున్న జవాబు నిరాశ కలిగించేదే. మినహాయింపు లేకపోలేదు. అయితే అది ఇప్పటికే సంపాదిస్తున్న వారికి, అదీ బ్యాంకు గడప ఎక్కగలిగిన వారికి మాత్రమే అక్కరకు వస్తోంది.

ఈ ప్రాంతం నుంచి కాక్‌పిట్ దాకా వెళ్లిన సయ్యదా సల్వా ఫాతిమా ఉదంతమే ఇందుకు నిదర్శనం. ఆమె తండ్రి బేకరీ కార్మికుడు. ఉర్దూ దినపత్రిక సియాసత్ సంపాదకుడు జాహిద్ అలీ ఖాన్ చొరవతో ఆమె 2007లో బేగంపేటలోని అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరారు. వాణిజ్య పైలట్ లైసెన్సు చేతికి రావడానికి ఏళ్లు పట్టింది. అంతటితో ఉద్యోగం రాలేదు. రెండు ఇంజిన్ల విమానంపై శిక్షణ, ఆపై ఒక నిర్దిష్ట తరహా విమానం నడిపే అర్హత, అంటే టైప్ రేటింగ్, కావలసి వచ్చాయి. తెలంగాణ ఏర్పడిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం సుమారు 35 లక్షల రూపాయలు మంజూరు చేయడంతో ఆ మెట్టు దాటగలిగారు. చదువు ఖర్చు నిమిత్తం ఇచ్చే ఉపకార వేతనంపై సెక్షన్ 10(16) కింద పన్ను ఉండదు. పన్ను చట్టం ఇలాంటి అభ్యర్థికి చేయగలిగిన మేలు అంతవరకే. పన్ను పడేంత ఆదాయమే లేని ఇంటికి పన్ను మినహాయింపు ఇచ్చి ప్రయోజనమేమిటి?

దాతలు, ప్రభుత్వం అందరికీ దొరకరు కనుక మిగిలిన వారికి అప్పే శరణ్యం.

వడ్డీకే గానీ అసలుకు కాదు

ఉన్నత విద్య రుణంపై మినహాయింపు ఇచ్చేది 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80ఈ. (ఆ చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా పార్లమెంటు 2025లో కొత్త చట్టం ఆమోదించింది. సెక్షన్ల సంఖ్యలు మారినప్పటికీ పాఠకులకు పరిచితమైన పాత సంఖ్యలనే ఇక్కడ వాడడమైనది.) ఈ సెక్షన్ కింద కట్టిన వడ్డీ మొత్తాన్నీ ఆదాయం నుంచి తీసివేయవచ్చు, దానికి గరిష్ఠ పరిమితి లేదు. అసలుకు మాత్రం పైసా మినహాయింపు లేదు. రుణం బ్యాంకు, కేంద్రం నోటిఫై చేసిన ఆర్థిక సంస్థ లేదా ఆమోదం పొందిన ధర్మసంస్థ ఇచ్చినదై ఉండాలి. తన కోసం, జీవిత భాగస్వామి, పిల్లలు లేదా చట్టరీత్యా తన సంరక్షణలో ఉన్న విద్యార్థి కోసం తీసుకున్నదై ఉండాలి.

పాతబస్తీ ఇళ్లలో డబ్బు సమకూరే తీరును ఈ షరతుల పక్కన పెట్టి చూస్తే సమస్య బోధపడుతుంది. గల్ఫ్‌లో ఉన్న అన్న పంపే సొమ్ముతో తమ్ముడు శిక్షణలో చేరతాడు. చట్టం చెప్పిన బంధుత్వాల్లో తోబుట్టువులు లేరు. పైగా ఇక్కడ ఆదాయం లేని ప్రవాసికి తగ్గించుకోవడానికి పన్నే ఉండదు. తల్లి నగలు కుదువ వ్యాపారి వద్ద పెట్టి తెచ్చిన డబ్బుకు ఎంత వడ్డీ కట్టినా అది 80ఈ కిందకు రాదు. అవే నగలు బ్యాంకులో పెట్టినా, రుణం చదువు కోసమేనని పత్రాల్లో లేకపోతే రుజువు చేయడం కష్టం. వడ్డీ ఇచ్చిపుచ్చుకోవడం మతరీత్యా నిషిద్ధమని భావించే కుటుంబాలు బంధుమిత్రుల నుంచి వడ్డీ లేని చేబదులు తీసుకుంటాయి. వడ్డీయే లేనప్పుడు మినహాయింపు ప్రసక్తే రాదు. అసలు తీర్చే భారానికి చట్టంలో విలువ లేకపోవడంతో, వడ్డీకి దూరంగా ఉన్నవారే ఈ సదుపాయానికీ దూరమవుతున్నారు.

పోనీ బ్యాంకుకే వెళదామంటే మరో గోడ అడ్డు. విద్యారుణాల్లో హామీ అవసరం లేని పరిమితి 7.5 లక్షలు. పైలట్ శిక్షణ ఖర్చు దానికి ఎన్నో రెట్లు. పంపకాలు జరగని తాతల నాటి ఇళ్లు, రిజిస్ట్రేషన్ లేక నోటరీ కాగితాలపై చేతులు మారిన ఇళ్లు ఈ గల్లీల్లో కొల్లలు. వాటిని తాకట్టుగా బ్యాంకులు అంగీకరించవు.

ఎనిమిదేళ్ల గడువు

రుణం దొరికినవారికి అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. వడ్డీ కట్టడం ఆరంభించిన సంవత్సరం, ఆ తరువాతి ఏడు సంవత్సరాలు మాత్రమే మినహాయింపు వర్తిస్తుంది. పన్ను పడే ఆదాయం నుంచి కట్టిన వడ్డీకే ఇది చెల్లుతుంది. లైసెన్సుకు కనీసం 200 గంటలు గాలిలో గడపాలి. విమానాల కొరత, వాతావరణం, డీజీసీఏ పరీక్షలు, వైద్య ధ్రువీకరణ కలిసి ఆ గంటలను ఏళ్లకు సాగదీస్తాయి. అటుపై టైప్ రేటింగ్, ఉద్యోగ నిరీక్షణ. ఈ లోగా నెలనెలా వడ్డీ కట్టేస్తే భారం తగ్గుతుందని బ్యాంకువారు చెప్పే మాట ఆర్థికంగా సబబే. పన్ను లెక్కలో మాత్రం అది బెడిసికొట్టవచ్చు. కుమారుడి పేరిట రుణం తీసుకుని ఆదాయం లేని రోజుల నుంచే వడ్డీ కట్టడం మొదలైతే, ఎనిమిదేళ్లలో నాలుగైదు ఏళ్లు వృథాగా కరిగిపోతాయి. పన్ను కట్టే తండ్రి లేదా తల్లి పేరిట రుణం తీసుకుని, వారి ఖాతా నుంచే వడ్డీ చెల్లిస్తే ఈ నష్టం కొంత తప్పుతుంది. పిండివంటలు అమ్మే, ఆటో నడిపే తండ్రికి ఆ సలహా వల్ల ఒరిగేదేమీ లేదన్నది వేరే సంగతి.

80ఈ కోరదగిన కోర్సుపైనా స్పష్టత అవసరం. ఇంటర్మీడియట్ తరువాతి ఏ చదువైనా 2009 సవరణ పుణ్యమా అని ఈ పరిధిలోకి వచ్చింది. డీజీసీఏ ఆమోదించిన సంస్థలో వాణిజ్య లైసెన్సు కోర్సుకు ఇబ్బంది తక్కువ. విదేశీ ఫ్లయింగ్ స్కూళ్లు, కొన్ని వారాల టైప్ రేటింగ్ విషయంలో అధికారి ప్రశ్నించే అవకాశం ఉంది. గుర్తింపు అనే షరతు విద్యాసంస్థకా, అంతకుముందు పాసైన పరీక్షకా అన్నది తేలని విధంగా నిర్వచనంలోని వాక్యం ఉండడమే ఇందుకు కారణం. పిల్లల ట్యూషన్ ఫీజుకు సెక్షన్ 80సీ ఇచ్చే 1.5 లక్షల వెసులుబాటు దేశంలోని సంస్థల్లో పూర్తికాల చదువుకే పరిమితం. అందులోనే బీమా, భవిష్య నిధి వాటా కూడా సర్దుకోవాలి.

ఉద్యోగం వచ్చాక

జీతం అందుకునే పైలట్ తన టైప్ రేటింగ్ ఖర్చును జీతంలోంచి తీసివేసుకోలేడు. సెక్షన్ 16లో స్టాండర్డ్ డిడక్షన్, వృత్తి పన్ను వంటి ఒకటి రెండింటికి తప్ప చోటు లేదు. ఆస్ట్రేలియాలో ఇప్పటికే ఉన్న ఉద్యోగ నైపుణ్యాన్ని నిలుపుకొనే చదువు ఖర్చును ఉద్యోగి కోరవచ్చు. కొత్త కొలువు కోసం చేసే తొలి శిక్షణకు అక్కడా అవకాశం లేదు.

80ఈకి సైతం 2023-24 నుంచి గండి పడింది. ఆ ఏడాది నుంచి కొత్త పన్ను విధానమే సహజంగా వర్తించేదిగా మారింది, అందులో 80ఈ గానీ 80సీ గానీ లేవు. ఉద్యోగి ఏటా గడువులోపు రిటర్ను వేస్తూ పాత విధానాన్ని ఎంచుకోవచ్చు. కానీ లాభమెంత? 50 లక్షల రుణంపై 11 శాతం చొప్పున ఏడాదికి 5.5 లక్షల వడ్డీ కడుతున్న కోపైలట్ జీతం 24 లక్షలనుకుందాం. 2025-26 రేట్ల ప్రకారం కొత్త విధానంలో పన్ను 2,92,500 రూపాయలు. పాత విధానంలో మొత్తం వడ్డీనీ, 80సీ కింద పూర్తి 1.5 లక్షలనూ మినహాయించుకున్నా పన్ను 3,19,800 అవుతుంది. అంటే ఇంత అప్పు మోస్తున్న వ్యక్తికి కూడా 80ఈని వాడుకుంటే 27,300 రూపాయలు అదనపు నష్టమే. ఇంటి అద్దె భత్యంపై మరో 87,500 రూపాయలకు మించి మినహాయింపు తోడైతే గానీ పాత విధానం గిట్టుబాటు కాదు. సొంత ఇంట్లో తల్లిదండ్రులతో ఉండే యువకుడికి ఆ దారీ లేదు.

నిజానికి పన్నుల వైపు నుంచి ఇటీవల అందిన ఊరట ఆదాయపు పన్నులో కాక జీఎస్టీలో వచ్చింది. 2024 సెప్టెంబరు 9న సమావేశమైన జీఎస్టీ మండలి, డీజీసీఏ ఆమోదిత సంస్థలు నడిపే ఆమోదిత ఫ్లయింగ్ కోర్సులకు పన్ను వర్తించదని స్పష్టం చేయాలని నిర్ణయించింది. అక్టోబరులో సర్క్యులర్ వెలువడింది. రిటర్నుతో, జీతంతో, రుణంతో నిమిత్తం లేకుండా పేద విద్యార్థికీ దక్కే తగ్గింపు ఇది. విదేశాల్లో శిక్షణకు బ్యాంకు విద్యారుణం సొమ్ము పంపేటప్పుడు మూలంలో వసూలు చేసే పన్నును కూడా 2025 ఏప్రిల్ నుంచి తొలగించారు. ఈ రెండో సడలింపు సైతం రుణం దొరికినవారికే.

రుణం తీసుకోబోయే కుటుంబాలు మంజూరు పత్రంలో చదువు పేరు, శిక్షణ సంస్థ పేరు స్పష్టంగా రాయించుకోవాలి. ఏటా వడ్డీని, అసలును విడివిడిగా చూపే ధ్రువపత్రాన్ని బ్యాంకు నుంచి తీసుకోవాలి. ఫ్లయింగ్ స్కూలు రశీదులో జీఎస్టీ పేరిట అదనంగా వసూలు చేశారేమో చూసుకుని, చేసి ఉంటే 2024 అక్టోబరు నాటి సర్క్యులర్‌ను సంస్థ ముందు ఉంచి ప్రశ్నించవచ్చు.