విశాఖ విందు: మా సంజాయిషీ

గత మే నెలలో విశాఖపట్టణంలో మన సమాఖ్య కార్యవర్గ సమావేశం ముగిసిన రాత్రి, ఆహ్వాన సంఘం వారు ప్రతినిధులను భీమునిపట్నం దారిలోని ఒక మత్స్యకార గ్రామానికి విందుకు తీసుకొనిపోయినారు. సముద్రపు చేపల వంటకాలకు పేరుపొందిన ఖరీదైన భోజనశాల అది. సభ్యుల చందా సొమ్ముతో ఇటువంటి విందులేమిటని కొన్ని శాఖలనుండి మాకు ఘాటైన లేఖలు వచ్చినవి. సమాధానం చెప్పుకొనవలసిన బాధ్యత మాపై ఉన్నది. అయితే ఆ రాత్రి జరిగినదానిలో, లేఖలు వ్రాసిన సోదరులకు తెలియని భాగమే ఎక్కువ బరువైనది.

భోజనం బాగున్నది. ఆ మాట దాచము. వంజరం వేపుడు, పీతల ఇగురు, చింతకాయ వేసి కాచిన నెత్తళ్ళ పులుసు చిరకాలానికి కడుపునిండా తిన్నాము. కార్మికుడు రుచిగల భోజనం చేయరాదని ఏ సంఘ నిబంధనావళిలోనూ లేదు. కాని ధరల పట్టిక చేతికివ్వగానే, మాతో కూర్చున్న గ్రామీణ డాక్ సేవక్ సోదరుడొకరు దానిని కుడివైపునుండి చదువుట ప్రారంభించినాడు. ఒక్క వంజరం పళ్ళెం వెల ఆయన రెండు దినముల భత్యాన్ని మించినది. ఆయన పెరుగన్నం తెప్పించుకొన్నాడు. కడుపులో బాగుండలేదన్నాడు. మేము నమ్మినట్లు నటించినాము.

పట్టికమీద 'నేటి వేట' అని అందంగా అచ్చువేసియున్నది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 దినములు, చేపలు గుడ్లుపెట్టు కాలమని మరపడవల వేటను ప్రభుత్వం నిషేధించును. సంప్రదాయ తెప్పలకు మాత్రమే మినహాయింపు. పడవలన్నీ ఇసుకమీదికి లాగియున్నవి, మా కిటికీకే కనబడుచున్నవి. మరి ఇందరికి ఇంత వంజరం ఎక్కడిది? వడ్డించుచున్న కుర్రవానిని అడిగినాము. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న గాని మొదలుకాదు గనుక, అక్కడి సరుకు మంచుపెట్టెలలో వచ్చినదని నవ్వుచు చెప్పినాడు. ఆ పెట్టెల బరువు, వాటినుండి కారు నీటి వాసన మన పార్సిలు ఆఫీసుల సోదరులకు కొత్తవి కావు.

ఆ కుర్రవానిది శ్రీకాకుళం తీరం. తండ్రి గుజరాత్‌లోని వేరావల్‌లో ఇతరుల బోటుమీద కూలి. సొంత సముద్రంలో బ్రతుకు సాగక ఏటేటా పడమటి తీరానికి వలసపోవు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఎన్నో కలవు. 2018 నవంబరులో అట్లు వెళ్ళినవారే సముద్రంమీద పాకిస్తాన్ చేతికి చిక్కినారు. వారిలో ఇరువది మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరినారు. నీటిమీద గీత ఎక్కడున్నదో బోటు యజమానికి తెలియవచ్చును గాని, వల లాగు కూలివానికి తెలియదు. చెర మాత్రం వానిదే.

తీరపు భూమి సంగతియు ఇట్లే ఉన్నది. 1991 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన గ్రామీణ తీరంలో పోటుగీతనుండి 200 మీటర్ల వరకు కొత్త కట్టడాలు కూడదన్నది. 2019 జనవరిలో వెలువడిన ప్రకటన జనసాంద్రత ఎక్కువగా గల గ్రామాలలో దానిని 50 మీటర్లకు తగ్గించినది. వల ఆరవేయు చోట బల్లలు, కుర్చీలు వెలసినచో ఆశ్చర్యమేమున్నది?

ఇక బిల్లు. దానిలో నూటికి పది చొప్పున సేవారుసుము చేర్చియున్నది. ఇట్లు తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఆదేశించినది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించినది. ఈ సొమ్ము మీకు చేరునా అని కుర్రవానిని అడిగినాము. పైసా రాదన్నాడు. తనకు నియామక పత్రమే లేదన్నాడు. మేము ఊరకుండలేదు. మేనేజరును పిలిపించి, 'మీ పనివాడే చెప్పుచున్నాడు' అని అందరి ఎదుట ఉపన్యసించినాము. వారు రుసుము కొట్టివేసినారు. మాలో ఒకరు చప్పట్లు కూడ కొట్టినారు. విజయగర్వంతో రైలెక్కి ఎవరి ఊళ్ళకు వారు చేరుకొన్నాము.

నాలుగవ నాడు విశాఖ శాఖనుండి కబురు వచ్చినది. లోపలి మాటలు బయటివారికి చెప్పినాడని ఆ కుర్రవానిని పనినుండి తొలగించినారు.

ఫిర్యాదు చేసినవాని పేరు యాజమాన్యం ముందు బయటపెట్టరాదన్నది సంఘ కార్యకర్త నేర్చుకొను మొదటి పాఠం. ఆ పాఠాన్ని ఇతరులకు చెప్పిన మేమే దానిని మరచితిమి. మన ఉద్యోగాలకు రక్షణ ఉన్నది గనుక మన నోటికి ధైర్యమున్నది. ఆ ధైర్యానికి వెల చెల్లించినవాడు వేరొకడు. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన రైల్వే సమ్మెలో ఉద్యోగం పోవుట అనగా ఏమో మన ఇళ్ళు చవిచూచినవి. ప్యాంట్రీ కార్లలోని కాంట్రాక్టు పనివారితో కూడ మనము ఇట్లే బాహాటంగా మాట్లాడుచున్నామేమో శాఖలు ఆలోచింపవలెను. 2025 నవంబరు 21న ప్రభుత్వం అమలులోనికి తెచ్చిన లేబర్ కోడ్‌లలో ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వవలెనని ఉన్నది. ఆ కోడ్‌లపై మన వ్యతిరేకత మారలేదు. అయినను అందులోని ఈ ఒక్క వాక్యమును పట్టుకొని అడుగుటకు మనకు అడ్డులేదు.

విశాఖ శాఖ సోదరులు అక్కడి హోటలు కార్మికులతో కలసి కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టినారు. ఈసారి ఆ కుర్రవాని అనుమతి తీసుకొని, అతడు చెప్పుమన్నంత వరకే వ్రాసినారు. అతని పని విషయం తేలువరకు నెలజీతం సమాఖ్య చెల్లించును. అది దానం కాదు, మా తప్పుకు పరిహారం. విందు ఖర్చు చందా నిధినుండి పోయినది గనుక, హాజరైన ప్రతి ఒక్కరు తమ వాటా తిరిగి కట్టవలెనని కార్యదర్శివర్గం నిర్ణయించినది. ఇకమీదట సమావేశాల భోజనం ఆతిథ్యమిచ్చు శాఖ వంటశాలలోనే జరుగును.

డాక్ సేవక్ సోదరుడు పెరుగన్నం డబ్బు పంపినాడు. ఇంతవరకు చేరిన సొమ్ము అదే. మిగిలినవారు ఈ నెలాఖరులోగా కోశాధికారికి చెల్లించి రసీదు పొందవలెను.