అటక మీది బొమ్మకు వెల కట్టేదెలా?

ఇంట్లో ఆస్తి పంచుకునేటప్పుడు బంగారానికి తూకం ఉంది, స్థలానికి రిజిస్ట్రారు ఆఫీసు లెక్క ఉంది. గోడకు వేలాడే బొమ్మ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరం తెల్లమొహం వేస్తాం. అందులోనూ కొండ ఎర్రగా, ఆకాశం పచ్చగా, చెట్లు గాలికి మెలితిరిగినట్టుగా ఉంటే "ఇదేం బొమ్మ?" అని అటక ఎక్కించేస్తాం.

ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో జర్మనీలో బలపడిన ఈ పద్ధతిని ఎక్స్‌ప్రెషనిజం అంటారు. ఇందులో చిత్రకారుడు కొండను కాదు, కొండను చూసినప్పుడు తన మనసులో రేగినదాన్ని గీస్తాడు. కాబట్టి "ఉన్నది ఉన్నట్టు ఉందా?" అని అడగకూడదు. రంగులు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయా, కుంచె వేటులో ఊపు ఉందా, రెండోసారి చూస్తే మొదటిసారి కనబడనిది కనబడుతోందా అని చూడాలి. అది కళకు కట్టే విలువ. బజారు ధర వేరు. అది తేలాలంటే బొమ్మ వేసిందెవరో రుజువు కావాలి.

ఆ పద్ధతికి దారి చూపినవారిలో వాన్ గో ఒకడు. 1888 జూలైలో దక్షిణ ఫ్రాన్సులోని ఆర్ల్ దగ్గర ఆయన వేసిన 'మోమజూర్ సూర్యాస్తమయం' కథ వినండి. 1908లో నార్వే పారిశ్రామికుడు ముస్టాడ్ దాన్ని కొన్నాడు. ఎవరో నకిలీ అనడంతో అటక ఎక్కించాడు. 1991లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియం కూడా, సంతకం లేదు గనుక ఆయనది కాదంది. చివరికి రెండేళ్ళు పరిశోధించి, 2013లో ఆ మ్యూజియమే అసలైనదని ప్రకటించింది. రంగులూ కాన్వాసూ ఆయన ఆ రోజుల్లో వాడినవాటితో సరిపోయాయి. బొమ్మ వెనుక ఉన్న 180 అనే అంకె, తమ్ముడు తియో దగ్గరున్న చిత్రాల పాత జాబితాలో దొరికింది. 1888 జూలై 5న తమ్ముడికి రాసిన ఉత్తరంలో ఆ దృశ్యమంతా ఉంది. అనుకున్నంత బాగా రాలేదని కూడా అందులోనే రాసుకున్నాడు, పాపం!

అంటే బొమ్మ ముఖం చెప్పలేనిది దాని వీపు చెప్పింది, ఒక ఉత్తరం చెప్పింది.

ఈ మధ్య చెన్నైలో మా బంధువులింట అలాంటి బొమ్మనే చూడమని నన్ను పిలిచారు. తాతగారి నాటిది, సంతకం లేదు. అన్న అమ్మేద్దామంటాడు, చెల్లెలు వద్దంటుంది. కొన్న సంగతి ఆయన ఉత్తరాల్లో ఉండవచ్చునన్నాను. ట్రంకు పెట్టె నిండా ఉత్తరాలున్నాయి, అన్నీ తెలుగులోనే. ఆ అన్నాచెల్లెళ్ళు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవలేరు. చదవగలిగింది ఎనభై దాటిన వాళ్ళ మేనత్తగారొక్కరే. ఆ బొమ్మకున్న సాక్ష్యమంతా ఇప్పుడు ఆవిడ కళ్ళజోడులో ఉంది!

మన ఇళ్ళలో ఇలాంటివి ఇంకా ఉంటాయి. తడిగుడ్డతో తుడవకండి, నూనె రాయకండి, వెలిసిన చోట కొత్త రంగు వేయించకండి. పాత ఫ్రేమునూ, వెనుక అంటించిన చీటీలనూ పారేయకండి. ముందూ వెనుకా ఫొటోలు తీసి ఉంచండి. ధర అడిగితే, కొనే ఉద్దేశం లేనివారిని అడిగి, కాగితం మీద రాయించుకోండి. అన్నిటికన్నా ముందు ఇంట్లో పెద్దవారిని కూర్చోబెట్టి పాత ఉత్తరాలు చదివించుకోండి. పిల్లలకు నాలుగు తెలుగక్షరాలు నేర్పండి. బొమ్మ వచ్చే ఏడాదైనా అమ్ముకోవచ్చు. చదివిపెట్టేవారు అప్పటికి ఉండాలి కదా!