మత్తయిని మత్తయిగా, లూకాను లూకాగా

నిమ్మనపల్లె, మదనపల్లె వైపు క్రిస్మస్ నాటకం వేస్తే పశువుల తొట్టి, గొర్రెల కాపరులు, ముగ్గురు జ్ఞానులు, నక్షత్రం అన్నీ ఒకే వేదిక మీదికి వస్తాయి. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ ఆ దృశ్యం ఏ సువార్తలోనూ లేదు. తొట్టి, కాపరులు లూకావి. నక్షత్రం, జ్ఞానులు మత్తయివి. ఆ జ్ఞానులు వచ్చింది పాకలోకి కాదు, ఇంటికి. ముగ్గురని మత్తయి ఎక్కడా రాయలేదు.

చిక్కు అక్కడితో ఆగదు. లూకాలో యోసేపు, మరియ జనాభా లెక్క కోసం నజరేతు నుంచి బేత్లెహేముకు వస్తారు. దేవాలయంలో జరగవలసినవి ముగిశాక తిరిగి నజరేతుకే వెళతారు. మత్తయిలో ఆ కుటుంబం మొదట కనిపించేదే బేత్లెహేములో. హేరోదు రాజుకు భయపడి ఐగుప్తుకు పారిపోతుంది, తర్వాత అతని కొడుకు అర్కెలాయుకు భయపడి నజరేతు చేరుతుంది. యోసేపు తండ్రి మత్తయికి యాకోబు, లూకాకు హేలీ. మత్తయిలో బిడ్డ పుట్టేనాటికి బతికి ఉన్న హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో అని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. కానీ లూకా చెప్పే సిరియా అధిపతి కురేనియు యూదయలో జనాభా లెక్క తీయించింది, జోసీఫస్ చరిత్ర ప్రకారం, క్రీ.శ. 6లో.

బడి పిల్లలు ఇవి అడిగితే మన పెద్దలు చాలాసార్లు గసురుతారు, లేదా రెండు కథలనూ గబగబా కలిపి కుట్టేస్తారు. ఆ కుట్టుపని ఎప్పుడో జరిగింది. క్రీ.శ. 170 ప్రాంతంలో తాతియాన్ అనే పండితుడు నాలుగు సువార్తలనూ కలిపి ‘దియాతెస్సరోన్’ అనే ఒకే గ్రంథం చేశాడు. సిరియాక్ భాష మాట్లాడే సంఘాలు దాన్ని తరతరాలు ప్రేమగా చదువుకున్నాయి. నాలుగో శతాబ్దంలో మహాకవి ఎఫ్రేము వ్యాఖ్యానం రాసింది దాని మీదే. అయితే దియాతెస్సరోన్‌లో వంశావళులు లేవు. కథ ఒక్కటి కావడానికి యాకోబు, హేలీ ఇద్దరూ పోవలసి వచ్చింది! ఐదో శతాబ్దంలో థియొడొరెట్ అనే బిషప్ తన ప్రాంతపు సంఘాల్లో ఆ గ్రంథం ప్రతులు 200కు పైగా చూసి, వాటిని తీయించి నాలుగు సువార్తలనూ పెట్టించాడు. అంత ప్రియమైన పుస్తకాన్ని లాక్కోవడం నాకు కష్టంగానే తోస్తుంది. అయినా తేడాలతో సహా నలుగురి మాటా వినాలన్న నిర్ణయం సరైనదనే నా నమ్మకం.

మూడో శతాబ్దపు జూలియస్ ఆఫ్రికానస్ ఇంకో దారి పట్టాడు. పిల్లలు లేకుండా పోయిన అన్న భార్యను తమ్ముడు పెళ్లాడే యూదుల ధర్మం వల్ల యోసేపుకు కన్న తండ్రి ఒకరు, చట్టం ప్రకారం తండ్రి ఒకరు అయ్యారన్నాడు. ఒప్పుకున్నా లేకున్నా ఆయన ఏ పేరునూ చెరపలేదు.

మదనపల్లెలో దశాబ్దాలు పనిచేసిన మిషనరీ జేకబ్ ఛాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి పెద్దగా ఉన్నాడు. మన తెలుగు బైబిల్లోనూ యాకోబు, హేలీ అనే రెండు పేర్లూ రెండు చోట్లా అలాగే ఉన్నాయి.

కాబట్టి ఒక ఏడు లూకా నాటకమే వేద్దాం. గొర్రెలు మేపుకునే ఇళ్లున్న మన ఊళ్లలో ఆ రాత్రి వేదికంతా కాపరులదే కానిద్దాం. మరుసటి ఏడు మత్తయిది: పసిబిడ్డను ఎత్తుకుని, ప్రాణభయంతో రాత్రికి రాత్రి పరాయి దేశం పోయిన తల్లిదండ్రులది. పిల్లలు హేలీ గురించి అడిగితే రెండు పుటలూ తెరిచి చూపించి, ఆఫ్రికానస్ జవాబును ఒక జవాబుగా చెబుదాం. కురేనియు గురించి అడిగితే, ఆ లెక్క ఇంకా తేలలేదని చెబుదాం.