బండి గొంతు

పిల్లలూ! పోయిన నెల వచ్చిన ఉత్తరాలలో కడప నుంచి ఏడో తరగతి కుర్రవాడు రాసినది ఒకటి ఉన్నది. వాళ్ళ అన్న కొత్తగా బుల్లెట్టు బండి కొన్నాడట. కొన్న వారానికే దాని సైలెన్సరు తీయించి, వేరే గొట్టం పెట్టించాడట. ఇప్పుడు బండి వీధి మొదట్లో ఉండగానే వీళ్ళ ఇంట్లో తట్టలూ గిన్నెలూ గణగణమంటున్నాయట. కుర్రవాడికి ఆ చప్పుడంటే మహా ఇష్టం. వాళ్ళ జేజికి మాత్రం గుండె దడ. "స్పోర్ట్స్ కార్లు ఇంత కన్న పెద్ద చప్పుడు చేస్తాయి కదా, వాటిని అందరూ మెచ్చుకుంటారు. మా అన్నను మాత్రం ఎందుకు తిడతారు? అసలు బండికి ఎంత చప్పుడు ఉండాలి?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. తిట్ల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ చప్పుడు ఎక్కడ పుడుతున్నదో తెలుసుకుందాం.

ఇంజనులో సిలిండరు ఉంటుంది. దానిలో పెట్రోలు ఆవిరీ గాలీ కలిసి భగ్గున మండి పిస్టనును తోస్తాయి. పని అయిపోగానే ఒక చిన్న తలుపు తెరుచుకుని, మండిన వాయువు బయటికి పోతుంది. అయితే తలుపు తెరిచే వేళకు ఆ వాయువు నీరసించి ఉండదు. బయటి గాలి కన్న ఎన్నో రెట్లు ఒత్తిడితో ఉంటుంది. మీరు కాగితపు సంచిని ఊది, చేత్తో కొట్టి పగలగొడతారు చూడండి, సరిగా అదే జరుగుతుంది. సంచి ఒకసారి పగులుతుంది, ఇంజను మాటిమాటికీ పగులుతుంది.

ఎన్నిసార్లు? 1955లో మద్రాసులో తయారీ మొదలయిన నాటి నుంచీ మన దేశంలో పేరు పడ్డ బుల్లెట్టుకు సిలిండరు ఒక్కటే. ఇంజను రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి పేలుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతున్నదనుకోండి. అంటే 500 పేలుళ్ళు, సెకనుకు ఎనిమిది చిల్లర. సెకనుకు ఇరవై కన్న తక్కువసార్లు కొట్టే దెబ్బలను మన చెవి ఒక స్వరంగా కలుపుకోలేదు. విడివిడిగానే వింటుంది. అందుకే బుల్లెట్టు "డుగ్ డుగ్ డుగ్" మంటుంది. అది సైలెన్సరు మార్చితే వచ్చిన గొంతు కాదు, పుట్టుకతో వచ్చినది.

దీనికి పూర్తిగా ఎదురైన గొంతు ఒకటి చెబుతాను. టొయోటా కంపెనీ వారు 2010 నుంచి 2012 దాకా లెక్సస్ ఎల్.ఎఫ్.ఎ. అనే స్పోర్ట్స్ కారును 500 మాత్రమే తయారు చేశారు. దానికి పది సిలిండర్లు. ఇంజను నిమిషానికి 9000 చుట్లు తిరగగలదు. లెక్క వేయండి: సెకనుకు 150 చుట్లు, ఒక్కొక్క చుట్టుకు ఐదు పేలుళ్ళు, మొత్తం 750. మీ బడి సైన్సు గదిలో 512 అని చెక్కిన శ్రుతిదండం ఉంటుంది కదా, దాని కన్న పై స్వరం. ఇంజను పాట పాడుతున్నదన్నమాట! ఆ కారు గొంతు తీర్చడానికి టొయోటా వారు ఎవరి సాయం తీసుకున్నారో తెలుసా? యమహా వారిది. యమహా అంటే మీకు మోటారు సైకిళ్ళు గుర్తుకు వస్తాయి. కాని ఆ కంపెనీ మూల పురుషుడు 1887లో ఒక బడిలోని వాయిద్యాన్ని బాగుచేసి ఈ దారి పట్టినవాడు. వారి గుర్తును ఈసారి పరీక్షగా చూడండి, మూడు శ్రుతిదండాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి.

ఆ కారుకు కూడా సైలెన్సరు ఉన్నది. టైటానియం లోహంతో చేసినది. ఇది మన కుర్రవాడు వాళ్ళ అన్నకు చెప్పవలసిన మొదటి మాట.

ఇంతకూ సైలెన్సరు చేసే పని ఏమిటి? కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు ఉన్నది. 1369లో కట్టించినట్టు శాసనం ఉన్నది. వాన కురిసినప్పుడు వాగు నురగలు కక్కుతూ వచ్చి చెరువులో దూకుతుంది. అదే నీరు తూములో నుంచి కాలువకు వచ్చేటప్పుడు మెల్లగా, ఒకే తీరుగా వస్తుంది. చెరువు వెడల్పు వాగు పొగరు అణచివేస్తుంది. సైలెన్సరు డబ్బా కూడా అంతే. సన్నని గొట్టంలో ఎగిరెగిరి వచ్చిన వాయువు డబ్బా గదుల్లో పరుచుకుని, చిల్లుల గొట్టాల్లో నుంచి దారి వెతుక్కుని, దూకుడు తగ్గి బయటపడుతుంది. అమెరికాలో రీవ్స్ అనే అన్నదమ్ములు 1897లోనే ఇటువంటి దానికి పేటెంటు పొందారు.

నా చిన్నతనంలో మా వైపు పల్లెల్లో కపిలలు పోయి ఆయిలు ఇంజన్లు వస్తున్న కాలం. బుడ్డలు ఒలిచే మిల్లు ఒకటి ఉండేది. దాని ఇంజనుకు ఏ డబ్బా ఉండేది కాదు. మిల్లు పక్కన గొయ్యి తీసి, రాళ్ళు నింపి, పొగగొట్టాన్ని అందులోకి దించి పైన మూసేశారు. రాళ్ళ సందుల్లో దూరి దూరి వాయువు అలసిపోయేది. మిల్లు గోడకు ఆనుకుని ఉన్న అరుగు మీద పెద్దలు కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడుకునేవారు. ఆ గొయ్యి తీసినవాడు ఏ కాలేజీలోనూ చదవలేదు.

సైలెన్సరుకు రెండో విద్య కూడా ఉన్నది. ఇది ఇంకా గమ్మత్తయినది: చప్పుడుతో చప్పుడును చంపడం. నమ్మకం లేకపోతే ఈ పని చేయండి. శ్రుతిదండాన్ని రబ్బరు మీద కొట్టి, చెవి దగ్గర నిలువుగా పట్టుకుని, వేళ్ళ మధ్య మెల్లగా తిప్పండి. ఒక్క చుట్టులో నాలుగుసార్లు చప్పుడు మాయమవుతుంది! దండం ఆగలేదు, మోగుతూనే ఉన్నది. అయితే ఆ నాలుగు చోట్లా ఒక అల గాలిని నొక్కుతుంటే మరొక అల అదే గాలిని సడలిస్తున్నది. రెండూ కలిసి సున్న అవుతున్నాయి.

స్పోర్ట్స్ కార్లను సవరించే మంచి పనివాళ్ళు ఈ ఉపాయమే వాడతారు. నాలుగు సిలిండర్ల కారు పెద్ద రోడ్డు మీద ఇంజను 3000 చుట్ల మీద పోతున్నదనుకోండి. సెకనుకు 50 చుట్లు, చుట్టుకు రెండు పేలుళ్ళు, మొత్తం 100. గొట్టం మార్చిన కార్లలో సరిగ్గా ఈ వేగం దగ్గర "హూం..." అని ఒకటే మోత పుట్టి, లోపల కూర్చున్నవారికి తలనొప్పి తెస్తుంది. దానికి మందు ఏమిటి? చప్పుడు మామూలు గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేడి గాలిలో ఇంకా వేగంగా పోతుంది. కాలిన పొగలో సుమారు 500 అనుకుందాం. 500ను 100తో భాగిస్తే ఒక్కొక్క అల పొడవు 5 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే మీటరుంబావు పొడవుగల గొట్టాన్ని పొగగొట్టానికి పక్కన అతికి, దాని చివర మూసేస్తారు. ఆ గొట్టంలో దూరిన అల మీటరుంబావు పోయి, గోడకు తగిలి, మళ్ళీ మీటరుంబావు వెనక్కు వస్తుంది. మొత్తం రెండున్నర మీటర్లు, అంటే సరిగా సగం అల ఆలస్యం. అది వచ్చేసరికి ఎదురుగా వస్తున్న అల మిట్ట మీద ఉంటే ఇది పల్లంలో ఉంటుంది. మోత అణగిపోతుంది. మిగిలిన స్వరాలు అలాగే ఉంటాయి. గొంతు పోకుండా రొద పోయింది! వీణకు మెట్లు బిగించేవాడు చేసే పనికీ దీనికీ పెద్ద తేడా నాకు కనబడదు.

మరి మన వీధుల్లో బళ్ళకు పెట్టే గొట్టాలో? చాలావాటిలో గదులూ లేవు, లెక్కా లేదు. చెరువు పూడ్చేసి వాగును నేరుగా ఊరి మీదికి వదలడమే. "సైలెన్సరు తీస్తే బండికి బలం వస్తుంది" అని చెప్పేవాళ్ళు ఉన్నారు. గొట్టం పొడవూ లావూ ఇంజనుకు కుదిరేటట్టు లెక్క కట్టి, పెట్రోలు పాళ్ళు కూడా మార్చితే పందెపు బండ్లకు కొంత లాభం ఉండే మాట నిజమే. ఊరికే గొట్టం మార్చితే చప్పుడే వస్తుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్ల పొగదారిలో విషవాయువులను విరిచే తేనెపట్టు వంటి భాగం ఉన్నది. ఆ దారి మొత్తం ఊడదీస్తే అదీ పోతుంది.

ఇప్పుడు "ఎంత చప్పుడు" అన్న ప్రశ్నకు వద్దాం. చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. ఈ కొలతలో ఒక మెలిక ఉన్నది. పది పెరిగితే చప్పుడు శక్తి పదింతలు అవుతుంది, ఇరవై పెరిగితే నూరింతలు. మన దేశపు నియమాల ప్రకారం 175 సి.సి. దాటిన మోటారు సైకిలు 80 డెసిబెళ్ళకు మించకూడదు. మామూలు కారు 74. మరి ఒక మారుగొట్టం 100 చేసిందనుకోండి. ఒక్క బుల్లెట్టు పోతున్నా, నూరు బుల్లెట్లు ఒక్కసారి పోయినంత శక్తి వీధిలో పడుతుంది.

కొలిచే పరికరం ఎక్కడ పెడతారన్నది నాకు అన్నిటికన్న నచ్చిన విషయం. నడిపేవాడి చెవి దగ్గర పెట్టరు. బండి పోయే దారికి ఏడున్నర మీటర్ల దూరంలో, నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తున పెడతారు. అంటే దాదాపు మీలాంటి పిల్లవాడు రోడ్డు పక్కన నిలబడితే వాడి చెవి ఉండే ఎత్తు. నడిపేవాడి మాట నమ్మకపోవడానికి కారణం ఉన్నది. గొట్టం మూతి వెనక్కు తిరిగి ఉంటుంది, తల మీద శిరస్త్రాణం ఉంటుంది, పైగా పెద్ద చప్పుడు వినీ వినీ చెవి మొద్దుబారి "ఇంతేనా" అంటుంది. చెవి పాడు కాకుండా 85 డెసిబెళ్ళను రోజుకు ఎనిమిది గంటలు వినవచ్చునని ఒక లెక్క. మూడు డెసిబెళ్ళు పెరిగినప్పుడల్లా ఆ కాలం సగమవుతుంది. 100కు వచ్చేసరికి ఎంతసేపు మిగులుతుందో చూడండి: పావుగంట.

మన కడప, కర్నూలు ఊళ్ళలో ఇంకొక చిక్కు. బయలులో చప్పుడు నాలుగు దిక్కులా పరుచుకుని పలచబడుతుంది. సన్నని సందులో ఇటూ రాతిగోడ, అటూ రాతిగోడ, కింద నాపరాళ్ళు. రాయి చప్పుడును మింగదు, తిప్పికొడుతుంది. గండికోట లోయ అంచున నిలబడి కేక వేసినవారికి ఈ సంగతి తెలుసు. రాత్రయితే మరీ కష్టం. మన పొడి నేల పొద్దుగూకగానే త్వరగా చల్లారుతుంది. నేల దగ్గరి గాలి చల్లన, పైగాలి వెచ్చన. వెచ్చని గాలిలో చప్పుడు వేగంగా పోతుందని ఇందాక చెప్పుకున్నాం. అందుచేత పైకి పోయే చప్పుడు కిందికి వంగి మళ్ళీ ఊరి మీదే పడుతుంది. ఎర్రగుంట్ల రైలు కూత పగలు వినబడని పల్లెకు రాత్రి వినబడేది ఇందుకే. వేసవిలో మిద్దె మీద పడుకున్న పసిబిడ్డకూ, పెద్దాసుపత్రిలో ఆపరేషను అయి అప్పుడే కన్నంటుకున్న రోగికీ పదిన్నరకు పోయిన బండి వినబడేదీ ఇందుకే. 2000 సంవత్సరపు నియమాలు ఆసుపత్రులకూ బడులకూ నూరు మీటర్ల చుట్టూ నిశ్శబ్దం ఉండాలంటున్నాయి. మోటారు వాహనాల చట్టమేమో రొద చేసే బండికి పదివేల రూపాయల వరకు జుల్మానా వేయవచ్చునంటున్నది. పోలీసులు ఊడబెరికిన గొట్టాలను రోడ్డు రోలరు కింద తొక్కించడం మీరు పత్రికల్లో చూసే ఉంటారు. కడప కుర్రవాడా, కంపెనీ ఇచ్చిన పాత సైలెన్సరు అటక మీద ఉన్నదేమో అన్నను అడుగు. ఉంటే మళ్ళీ బిగించడం అరగంట పని.

అట్లా అని అసలు చప్పుడే లేకపోతే మంచిదా? 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేను సాగరు ఒడ్డున కరెంటు కార్ల పందెం జరిగింది. వాటికి పొగా లేదు, పొగగొట్టమూ లేదు. అటువంటి కార్లు వీధిలో మెల్లగా వస్తే చూపులేనివారికి వాటి రాక తెలియదు. అందుచేత యూరపులో 2019 నుంచి కొత్త రకం కరెంటు కార్లకు మెల్లగా పోయేటప్పుడు కావాలని చిన్న చప్పుడు పెట్టాలని నియమం చేశారు. ఒక పక్క తగ్గించడానికి తంటాలు, ఒక పక్క పుట్టించడానికి తంటాలు!

ఇక ఈ నెల లెక్కలు. ఇప్పుడు మన రోడ్ల మీద మూడు సిలిండర్ల చిన్న కార్లు చాలా ఉన్నాయి. అటువంటిది ఇంజను 2000 చుట్ల మీద పోతూ మోత పెడుతున్నది. దాన్ని అణచడానికి పక్క గొట్టం ఎంత పొడవు కావాలి? ఆ గొట్టం కారు కింద పడుతుందా? పట్టకపోతే ఏం చేస్తారు? మూడో ప్రశ్నకు ఒక చిన్న ఆధారం: ఖాళీ సీసా మూతి మీద ఊది చూడండి, తరువాత సగం నీళ్ళు పోసి మళ్ళీ ఊదండి. పోస్టు కార్డు మీద జవాబుతో పాటు లెక్క చేసిన పద్ధతి కూడా రాయాలి. ఉత్త జవాబులకు మార్కులు ఉండవు.