షర్బతు గ్లాసులో తేలేవి

ఎండలు ముదిరాయి. వలీమాలు, అఖీఖాలు, బంధువుల రాకపోకలు ఈ నెలల్లోనే ఎక్కువ. గుమ్మంలో అడుగు పెట్టిన అతిథికి మన ఇళ్లలో ముందుగా అందేది చల్లని షర్బతు. ఆ గ్లాసును అందంగా తీర్చి ఇవ్వాలన్న కోరిక సహజమే. అదీ అతిథి మర్యాదలో భాగమే. అయితే ఆ అందం ఇప్పుడు బజారులో కొనుక్కునే వస్తువైపోయింది. రంగు చెర్రీలు, టూటీ ఫ్రూటీ, పుల్లకు గుచ్చిన కాగితపు గొడుగులు! వీటివల్ల షర్బతుకు చలువా రాదు, రుచీ రాదు. పైగా ఇవి లేని గ్లాసు అందించడానికి స్వల్ప ఆదాయం గల గృహిణి చిన్నబోవలసి వస్తున్నది. మమ్మల్ని ఈ విషయంపై రాయించింది ఆ చిన్నబోవడమే.

కాకినాడ దాటి సముద్రం వెంబడి వెళితే వచ్చే ఉప్పాడ జాందానీ చీరలకు ప్రసిద్ధి. 2009లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ చీర మీది పువ్వు అంటించినదీ కాదు, కుట్టినదీ కాదు. నేస్తున్నప్పుడే అదనపు పోగుతో, చేతితో, బట్టలోనే అల్లుతారు. అందుకే వెనుకవైపు చూసినా ఆ పువ్వు దాదాపు అలాగే కనబడుతుంది. గ్లాసులోని అలంకరణ కూడా అలాగే ఉండాలని మా అభిప్రాయం. తీసి పక్కన పారేసేది కాకుండా, పానీయంతో పాటు కడుపులోకి వెళ్లేదై ఉండాలి.

అటువంటిది గోదావరి జిల్లాల తీరంలో తాటిచెట్టు మీదే ఉన్నది. సాధారణంగా ఒక కాయలో మూడు ముంజెలు ఉంటాయి. పైనున్న వగరు పొరను ఒలిచి, పలుచని బిళ్లలుగా తరిగి రూహ్ అఫ్జా కలిపిన నీటిలో వేసి చూడండి. బిళ్ల గుండా ఎర్రని రంగు మెరుస్తుంది. దీనికి ఏ చెర్రీ సాటి? లేత ముంజెలనే ఎంచుకోవాలి. ముదిరినవి గట్టిపడి పిల్లలకు అరగవు. ఉదయం కొన్నవి ఆ పూటే వాడాలి, అతిథి వచ్చాకే తరగాలి.

సబ్జా గింజల సంగతి అందరికీ తెలిసినదే. చెంచాడు గింజలను గ్లాసు నీటిలో పావుగంట నాననిస్తే ఒక్కొక్కటీ జిగురు ముత్యంలా ఉబ్బుతుంది. పొడి గింజలను మాత్రం నేరుగా మింగరాదు. అవి గొంతులో ఉబ్బితే ప్రమాదం. పసిపిల్లలకు, మింగడానికి ఇబ్బందిపడే వృద్ధులకు ఇవ్వకపోవడమే క్షేమం. పుదీనాను రెండు మూడు నీళ్లలో కడగాలి. పాలు కలిపిన షర్బతులో నిమ్మ బిళ్ల వేయకండి, విరిగిపోతుంది. దండల కోసం అమ్మే గులాబీల మీద పురుగుమందు చల్లుతారు. వాటి రేకులు గ్లాసులోకి తగవు.

వెండి వరఖు విషయంలో మన ఇళ్లలో ఒక సందేహం ఉండేది. పూర్వం వెండిని జంతువుల పేగుల పొరల మధ్య ఉంచి సాగగొట్టేవారు. తయారీలో ఏ దశలోనూ జంతు సంబంధమైన పదార్థాన్ని వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో నియమం చేసింది. కొనేటప్పుడు తయారీదారు వివరాలున్న పొట్లాన్నే అడగండి. అసలు వరఖు లేకపోయినా షర్బతుకు లోటేమీ లేదు.

ఇక అందరూ చివరికి వదిలేసేది, మేము అన్నిటికన్నా ముఖ్యమని భావించేది మంచుగడ్డ. గ్లాసులో తళతళలాడేది అదే, కడుపు పాడు చేయగలిగేదీ అదే. ఉప్పాడ పడవల రేవు. చేపలు పాడవకుండా ఉండాలంటే దిమ్మల మంచు కావాలి. ఆ మంచును ఎప్పుడూ తాగునీటితోనే చేస్తారన్న నమ్మకం లేదు. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని క్రిములన్నీ చావవు. అందువల్లనే తినడానికి పనికిరాని మంచులో నీలిరంగు కలపాలని అదే సంస్థ 2018 జూన్ 1 నుంచి ఆదేశించింది. నీలి ఛాయ కనిపిస్తే ఆ మంచు గ్లాసులోకి రాకూడదు. తెల్లగా ఉన్నంత మాత్రాన మంచిదనీ అనుకోవద్దు. ఏ నీటితో చేశారో అడిగి తెలుసుకోవాలి.

ఇంట్లో ఫ్రిజ్ ఉంటే కాచి చల్లార్చిన నీటిని గడ్డకట్టించండి. ఒక్కో గడిలో ఒక పుదీనా ఆకు వేస్తే అదే అలంకరణ. వందలమంది వచ్చే వలీమాలో ఇది సాధ్యం కాదు. అప్పుడు మంచును షర్బతులో వేయకండి. పెద్ద తొట్టిలో దిమ్మలు పేర్చి, వాటి మధ్య మూతపెట్టిన షర్బతు గిన్నెలను నిలపండి. మంచు కరిగిన నీరు లోపలికి పోకుండా గిన్నె అంచు తొట్టి అంచు కన్నా జానెడు ఎత్తున ఉండాలి. వడ్డించే గరిటెను తొట్టిలో పడవేయకుండా విడిగా ఒక పళ్లెంలో ఉంచుకోవాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో కొత్తకుండ నీళ్లు, ఒక నిమ్మకాయ, నానిన సబ్జా ఉంటే చాలు.