ఈ మట్టికోటకు దిక్కెవరు?

రాష్ట్ర చిహ్నంలోంచి కాకతీయ తోరణాన్ని తీసేస్తున్నారన్న మాట 2024 మేలో బయటికి రాగానే తెలంగాణ భగ్గుమంది. పార్టీలు రోడ్డెక్కాయి, టీవీల్లో వాదనలు హోరెత్తాయి. ఆ కోపం న్యాయమైనదే, నాకూ వచ్చింది. కానీ ఆ తోరణం నిలబడ్డ నేల ఏమవుతోంది, దాని చుట్టూ ఉన్న కోట ఏమవుతోంది అని ఆ హోరులో అడిగినవాళ్లు నాకు కనబడలేదు. కాగితం మీది బొమ్మ కోసం అంత రగిలిపోయిన మనం, ఓరుగల్లులో అసలు కోట మన కళ్ల ముందే కరిగిపోతుంటే ఎందుకింత చల్లగా ఉన్నాం?

ఖిలా వరంగల్‌కు వచ్చేవాళ్లు చూసేవి నాలుగు తోరణాలు, వాటి నడుమ స్వయంభు శివాలయపు శిథిలాలు, పక్కన ఖుష్ మహల్. టికెట్ కొని, ఫొటోలు దిగి, గంటలో వెళ్లిపోతారు. దారిలో తాము దాటి వచ్చిన ఆ చెట్లు మొలిచిన కట్ట కోటగోడ అని వాళ్లకు చెప్పే బోర్డు లేదు, చెప్పే మనిషి లేడు. అక్కడే ఆడుకునే పిల్లల్ని అడిగితే 'గుట్ట' అన్నారు. వాళ్ల తప్పేముంది? వాళ్ల బడిపుస్తకం రుద్రమదేవి పేరు చెప్పింది గాని, ఆమె కోటగోడ మీదే నువ్వు ఆడుకుంటున్నావు అని చెప్పలేదు.

గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను రుద్రమ పూర్తి చేసిందనీ, దాని బయట మట్టికోటను కట్టించిందనీ చరిత్రకారులు చెబుతారు. ఈ మట్టి వలయం వ్యాసం దాదాపు 2.4 కిలోమీటర్లు. అంటే చుట్టూ నడిస్తే ఏడున్నర కిలోమీటర్లు. దాని వెంట అగడ్త. 1310లో మాలిక్ కాఫూర్ సేనలు ఓరుగల్లును ముట్టడించిన కథను రాసిన అమీర్ ఖుస్రూ ఢిల్లీ సుల్తాను కొలువు కవి. కాకతీయులను పొగడాల్సిన అవసరం ఆయనకు లేదు. అయినా ఈ గోడ మట్టిదే గాని ఉక్కు బల్లెం కూడా దిగనంత గట్టిదని ఒప్పుకున్నాడు. శత్రువు కొలువులో కూర్చున్నవాడు గుర్తించిన గొప్పతనం వారసులమని చెప్పుకునే మనకు ఆనదా?

ఆ గోడను ఇవాళ ఓడిస్తున్నది ఏ సైన్యమూ కాదు, జేసీబీలు, ట్రాక్టర్లు. ఒకచోట కట్టను చదును చేసి ఇల్లు కడతారు, ఇంకోచోట మట్టి తవ్వి పునాదులు నింపుకుంటారు. అగడ్తలో తుమ్మ, గుర్రపుడెక్క, చెత్త. కోటలో తరతరాలుగా బతుకుతున్న కుటుంబాల మీద నాకు కోపం లేదు. అది వాళ్ల ఊరు, వాళ్ల పొలాలు అందులోనే ఉన్నాయి. రక్షిత కట్టడమని తెలిసి కూడా కట్ట మీద లేచిన గోడకు ఇంటి నంబరు వేసినవాళ్ల మీద, కరెంటు మీటరు పెట్టినవాళ్ల మీద, ఓట్ల కోసం చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్ల మీద నా కోపం. ఒక్కరూ జవాబు చెప్పరు. ఇది మా శాఖది కాదంటారు. ఆ శాఖను అడిగితే సిబ్బంది లేరంటారు.

తోరణాల మధ్య ఆవరణలో ఎండకూ వానకూ పడి ఉన్న రాళ్లను చూడండి. పద్మాలు చెక్కిన కప్పురాళ్లు, విరిగిన నందులు, ఏ మండపానివో తెలియని దూలాలు. వాటి మీద కూర్చుని చిరుతిళ్లు తింటారు, పేర్లు గీకుతారు. రాయే కదా అనుకుంటారు. రుద్రమదేవి 1289లో మరణించిందని మనకు తెలిసింది నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికిన ఒక్క శాసనం వల్ల. ఆ ఒక్క రాయిని ఎవరో పగలగొట్టి ఇంటి పునాదిలో వేసి ఉంటే ఆ మహారాణి ఎప్పుడు పోయిందో కూడా మనకు తెలిసేది కాదు. మట్టికోట కడుపులో, అగడ్త బురదలో ఇంకెన్ని మాటలు పూడి ఉన్నాయో చూడకుండానే తవ్వి పోసేస్తున్నామే!

బాగుచేద్దామని పూనుకున్నచోట కూడా ఎంత జాప్యం! హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుటి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు. తిరిగి నిలబెట్టి భక్తులకు తెరిచింది 2024 మార్చిలో, శివరాత్రికి. విప్పిన ఏడాది పుట్టిన బిడ్డకు ఓటు హక్కు వచ్చే వయసయింది. రాయి రాయినీ పేర్చి, ఇసుక పునాది మీద ఆ మండపాన్ని మళ్లీ లేపిన శిల్పులకు చేతులెత్తి మొక్కుతాను. వాళ్ల పనిని ఆగుతూ సాగుతూ పద్దెనిమిదేళ్లు ఈడ్చిన నిర్లక్ష్యాన్ని మాత్రం క్షమించలేను. ఏటా శివరాత్రికి వేలమంది ఆ రాళ్ల కుప్పల పక్కనుంచే దర్శనానికి వెళ్లారు. ఊరంతా కలిసి ఒక్కసారి గట్టిగా అడిగిందా?

కాకతీయుల పేరు మాత్రం మనకు కావాలి. విశ్వవిద్యాలయానికి కాకతీయ, కాలువకు కాకతీయ, చెరువుల పథకానికి కాకతీయ. పెట్టుకోవాల్సిందే. వాళ్లు తవ్విన పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. మరి వాళ్ల రాజధానిలో మనం చెరువులనూ నాలాలనూ ఆక్రమించుకున్నాం. 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు నీట మునిగాయి. నీళ్లు దిగిపోగానే ఆ మాట కూడా మరిచిపోయాం.

2021లో రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు పండగ చేసుకున్నాం, నేనూ సంతోషంతో ఊగిపోయాను. ఆ గుర్తింపు కోసం ఎంతమంది ఎన్నేళ్లు తిరిగితే సాధ్యమైంది! అందులో పదోవంతు పట్టుదల ఈ కోట మీద పెట్టలేమా?

ఏడున్నర కిలోమీటర్లు కొలవడానికి ఒక సర్వేయరు, నలుగురు మనుషులు, కొన్ని వారాలు చాలు. కొలవండి. హద్దురాళ్లు పాతండి. కొలిచిన పటాన్ని కోట దర్వాజా దగ్గర అందరికీ కనబడేలా పెట్టండి. ఇప్పటికే ఇళ్లున్నచోట ఆ కుటుంబాలతో కూర్చుని మాట్లాడి, వేరే జాగా చూపించండి, కట్టుకోవడానికి డబ్బివ్వండి. ఆ తర్వాత కట్ట మీంచి ఒక్క తట్ట మట్టి ఎత్తినా కేసు పెట్టండి. ఎత్తించింది ఏ పార్టీ మనిషైనా సరే.