పరుపుకి రక్ష... నిద్రకి శిక్ష!

అరకులో పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురుగా పొగమంచు, కాఫీ తోటలు. అద్దెకి తీసుకున్న ఆ గదిలో రాత్రంతా కంటిమీద కునుకుంటేగా! అటు తిరిగితే కరకర, ఇటు తిరిగితే కరకర. దుప్పటి కింద పరిచిన ప్లాస్టిక్‌ షీటు చప్పుడది. గాలి ఆడదు కాబట్టి, అంత చలిలోనూ కంబళి కప్పుకుంటే వీపు చెమట పట్టేస్తుంది.

యజమానినీ తప్పుపట్టలేం. పసిపిల్లలతో వచ్చేవాళ్లుంటారు, మంచమ్మీదే టీ తాగేవాళ్లుంటారు. బూరుగు దూది పరుపు ఒక్కసారి తడిస్తే ఉండలు కడుతుంది. ఫోమ్‌ పరుపు నీళ్లు పీల్చుకుందంటే ఓ పట్టాన ఆరదు. ముసురు పట్టిన రోజుల్లో ఇక ఎక్కడ ఆరబెడతారు?

ఇద్దరి బాధా తీర్చేది మ్యాట్రెస్‌ ప్రొటెక్టర్‌. పైన టెర్రీ నూలు బట్ట, అడుగున పలుచటి పాలీయురేథేన్‌ పొర. నీళ్లు పరుపులోకి దిగవు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. చప్పుడూ తక్కువే. కొనేముందు పరుపు మందం కూడా కొలుచుకోండి. పొట్టిదైతే అర్ధరాత్రికి మూలలు ఊడివస్తాయి. బ్లీచింగ్‌, ఇస్త్రీ రెండూ దీనికి పడవు, పొర పాడవుతుంది. మంచానికి రెండేసి ఉంటే ఒకటి ఆరేలోగా మరొకటి వేయొచ్చు.

నల్లుల బెడదకి మాత్రం ఇది చాలదు, పరుపు మొత్తాన్ని మూసేసే జిప్పు కవరు కావాలి. అందుకే గదిలోకి వెళ్లగానే సూట్‌కేసు మంచమ్మీద పడేయకుండా, ముందు పరుపు కుట్ల వెంట నల్లటి చుక్కలున్నాయేమో చూడండి. ఇక పిల్లాడు పక్క తడిపాడని మొహమాటపడి దుప్పటి కప్పేసి వచ్చేయకండి. అప్పటికప్పుడు చెబితే ప్రొటెక్టర్‌ ఒక్కటీ మారిస్తే సరిపోతుంది.